లీడ్స్‌లో మొదటి ఏడాది: చలికోట్ల కంటే ముందు వెలుతురు లెక్క చూసుకోండి

మీ ప్రశ్న చదువుతుంటే 2010లో నేనే రాసినట్టు అనిపించింది. మీవారికి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉద్యోగం, సెప్టెంబర్ మొదటి వారంలో ప్రయాణం, పాపకి ఆరేళ్లు, బాబుకి ఈ జూన్‌లో మూడు నిండాయి. పిల్లలు చలికి తట్టుకుంటారా, ఏడాది పొడుగునా రోజులు ఎలా గడుస్తాయి, స్కూలు ఎలా, పండుగలు ఎలా, అత్తయ్యగారిని ఏ నెలలో పిలవాలి, సూట్‌కేసుల్లో ఏం సర్దుకోవాలి. ఇవీ మీరు అడిగినవి. మేం తెనాలి నుంచి ఇక్కడికొచ్చి పదిహేనేళ్లు దాటింది. అందులో తొమ్మిదేళ్లు నేను ఒక ప్రైమరీ స్కూల్లో మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లల్ని చూసుకునే పని చేశాను. అందుకని ఇంటి సంగతులూ, స్కూలు గేటు లోపలి సంగతులూ రెండూ చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు చలి సంగతి. దానికి అంత టెన్షన్ పడక్కర్లేదు. చలికాలంలో లీడ్స్ పగళ్లు ఐదారు డిగ్రీల దగ్గర ఉంటాయి, రాత్రిళ్లు సున్నా దాకా దిగుతాయి. ఇంట్లో రేడియేటర్లు ఉంటాయి, బస్సులో వేడి ఉంటుంది, స్కూల్లో అయితే చెమటలే. మమ్మల్ని పడగొట్టింది వెలుతురు. ఇక్కడ డిసెంబర్ 21న సూర్యుడు 8:20కి వచ్చి 3:45కి వెళ్లిపోతాడు. జూన్ 21న 4:35కే వచ్చి రాత్రి 9:40 దాకా కదలడు. తెనాలిలో ఏడాది మొత్తం మీద పెద్ద పగటికీ చిన్న పగటికీ తేడా రెండు గంటలు. ఇక్కడ తొమ్మిది గంటల పైమాటే. నిద్ర, ఆకలి, పిల్లల అల్లరి, మొగుడూ పెళ్లాల మధ్య మాటా మాటా, అన్నీ ఈ తేడాని పట్టుకునే నడుస్తాయి.

మా అత్తగారు మొదటిసారి వచ్చింది జూన్‌లో. సంధ్యాదీపం పెట్టడానికి ఆరున్నరకి స్నానం చేసి కూర్చున్నారు. ఏడైంది, ఎనిమిదైంది. కిటికీలోంచి ఎండ దేవుడి పటాల మీదే పడుతోంది. "ఏమ్మా, ఈ ఊళ్లో పొద్దు గుంకదా?" అన్నారు. పట్టుదలగా తొమ్మిదీ నలభై దాకా ఆగి దీపం పెట్టి, అప్పుడు అన్నం తిన్నారు. నడుం వాల్చిన కాసేపటికే మళ్లీ తెల్లారిపోయింది. మూడో రోజుకి ఆవిడే ఒక ఒప్పందానికి వచ్చారు: ఆకాశం ఏమైనా చేసుకోనీ, దీపం ఏడింటికే. పిల్లల నిద్ర, భోజనాల విషయంలో మీరూ మొదటి రోజు నుంచే ఇలా గడియారాన్ని నమ్ముకోండి. కిటికీని నమ్ముకుంటే జూన్‌లో పిల్లలు పదకొండు దాకా పడుకోరు, డిసెంబర్‌లో మీరు ఐదింటికే పక్క వేస్తారు.

ఇక సెప్టెంబర్. దిగగానే చేయాల్సిన పని పాప స్కూలు. ఇక్కడ తరగతి తేల్చేది ఆగస్టు 31. ఆ రోజుకి ఐదేళ్లు నిండి ఉంటే ఇయర్ 1, ఆరు నిండి ఉంటే ఇయర్ 2. అక్కడ ఏ క్లాసు చదివిందో ఎవరూ అడగరు. ఇయర్ 2 దాకా ఒక టీచరుకి 30 మందికి మించకూడదని చట్టం ఉంది కాబట్టి ఇంటి పక్క స్కూల్లో ఖాళీ లేకపోవచ్చు. ఇల్లు అద్దెకి తీసుకునే ముందే చుట్టుపక్కల స్కూళ్లకి ఫోన్ చేసి, ఫలానా ఇయర్‌లో ఖాళీ ఉందా అని అడగండి. ఇల్లు ఖాయమయ్యాక స్కూలు వెతుక్కున్న వాళ్లు రోజూ రెండు బస్సులు మారడం నేను చూశాను.

బాబు సంగతి ఇంకా ముఖ్యం, కొత్తగా వచ్చిన వాళ్లు మర్చిపోయేది ఇదే. వచ్చే జూన్‌కి వాడికి నాలుగు నిండుతాయి కాబట్టి ఆ సెప్టెంబర్‌లోనే ఇయర్ 1కి ముందుండే రిసెప్షన్ క్లాసులో చేరే వంతు వస్తుంది. దానికి కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టే ఆఖరి తేదీ జనవరి 15. సంక్రాంతి రోజులు అని గుర్తు పెట్టుకోండి, మర్చిపోరు. ఏ స్కూలు వచ్చిందో ఏప్రిల్ 16న చెప్తారు. మూడు నిండిన పిల్లలకి ఆ తర్వాతి టర్మ్ నుంచి వారానికి 15 గంటల నర్సరీ ఉచితం కూడా. తల్లీతండ్రీ ఏ వీసా మీద ఉన్నా వర్తిస్తుంది, వదులుకోకండి.

యూనిఫాం కోసం హైదరాబాద్‌లో దర్జీ దగ్గరికి పరిగెత్తకండి. సూపర్‌మార్కెట్లలో బూడిద రంగు స్కర్టులు, తెల్ల చొక్కాలు చవగ్గా దొరుకుతాయి. స్వెట్టర్ దగ్గర నుంచి నీళ్ల సీసా దాకా అన్నిటి మీదా పేరు రాయండి. పారేసుకున్న వస్తువుల డబ్బాలో పేరు లేని స్వెట్టర్లు ముప్ఫై ఉంటాయి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇయర్ 2 దాకా ప్రభుత్వ స్కూళ్లలో మధ్యాహ్న భోజనం ఉచితం, శాకాహారం విడిగా ఉంటుంది. మొదటి నెలంతా పాప ఉడకబెట్టిన బంగాళాదుంప తప్ప ఏమీ తినలేదని ఏడుస్తుంది, తర్వాత అలవాటు పడుతుంది. ఇంటి నుంచి డబ్బా పంపితే వేరుశెనగ గుళ్లు వేయకండి. అలర్జీ పిల్లల కోసం చాలా స్కూళ్లు పల్లీలు, జీడిపప్పు రానివ్వవు. పల్లీ లేని పులిహోర పులిహోరేనా అని మా పాప అలిగింది. వేయించిన శెనగపప్పుతో సర్దుకున్నాం.

హాజరు విషయం కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మన ఇళ్లలో పెళ్లిళ్లు మాఘమాసంలో వస్తాయి, ఇక్కడ మాఘమాసానికి సెలవుల్లేవు. 2016లో మా తమ్ముడి పెళ్లికి పాపని ఎనిమిది రోజులు స్కూలు మానిపించి తీసుకెళ్లాం. తిరిగొచ్చేసరికి జరిమానా కాగితం: నాకో 60 పౌండ్లు, మావారికో 60. 2024 ఆగస్టు నుంచి అది ఒక్కొక్కరికి 80 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే 160. మూడేళ్లలోపు రెండోసారి జరిగితే నేరుగా 160. పది స్కూలు వారాల్లో ఐదు రోజులు అనుమతి లేకుండా మానితే చాలు, ఇది వస్తుంది. టికెట్ ధరతో పోల్చుకుని "పోనీలే కడదాం" అనుకునే వాళ్లున్నారు, నేను తప్పు పట్టను. మూడోసారికి మాత్రం కోర్టు దాకా పోయే వ్యవహారం.

సెప్టెంబర్ వాతావరణం చూసి మోసపోకండి. ఎండ బంగారంలా ఉంటుంది. లీడ్స్ లివర్‌పూల్ కాలువ గట్టున బ్లాక్‌బెర్రీలు ఎవరైనా కోసుకోవచ్చు, పిల్లలు మూతులు నల్లగా చేసుకుని వస్తారు. "ఇంత బాగుంటే అందరూ ఎందుకు భయపెట్టారు" అని మీరు ఇంటికి ఫోన్‌లో చెప్తారు. అక్టోబర్ ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి పోతాయి. శనివారం 5:40 దాకా ఉన్న వెలుతురు ఆదివారం 4:40కే ఆగిపోతుంది. ఇండియాతో తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నరకి పెరుగుతుంది. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చి అమ్మకి ఫోన్ చేద్దామనుకునేసరికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, ఆవిడ ఆవులిస్తుంటుంది. ఈ చిన్న మార్పే నాకు మొదట్లో చాలా బాధగా ఉండేది. ఇప్పుడు చలికాలంలో మా ఫోన్లన్నీ పొద్దున్న కాఫీ వేళకి మార్చుకున్నాం.

పండుగలకి లోటు ఉండదు. వరంగల్ నుంచి వచ్చిన మా స్నేహితురాలు ఇక్కడ తంగేడు, గునుగు దొరక్క చామంతులు, డాలియాలతో బతుకమ్మని పేరుస్తుంది, ఎత్తులో ఏం తగ్గదు. దీపావళి, నవంబర్ 5 బాన్‌ఫైర్ నైట్ దగ్గర దగ్గరగా వస్తాయి. 1605లో పార్లమెంటుని పేల్చేయాలని చూసిన కుట్ర బయటపడ్డ రోజు అది, మంటలు వేసి బాణసంచా కాలుస్తారు. దుకాణాల్లో టపాసులు దొరికేది కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే. మామూలు రోజుల్లో రాత్రి 11 తర్వాత కాల్చకూడదు. బాన్‌ఫైర్ నైట్‌కి 12 దాకా, దీపావళికి రాత్రి ఒంటిగంట దాకా చట్టమే అనుమతిస్తుంది. మన పండుగకి వాళ్ల పండుగ కంటే ఒక గంట ఎక్కువ ఇచ్చారని మావారు ప్రతి ఏడూ అందరికీ చెప్తారు. అయినా పక్కింట్లో కుక్క ఉంటే ముందు ఒక మాట చెప్పండి.

కార్తీక మాసం ఇక్కడ సుఖం. సూర్యోదయానికి ముందే స్నానం అంటే నవంబర్ మధ్యలో ఏడింటికి లేచినా సరిపోతుంది. బయట దీపం మాత్రం గాలికి ఆగదు, జామ్ సీసాలో పెట్టండి.

ఇప్పుడు అసలు చలికాలం. దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీరు తట్టుకోవాల్సింది ఈ మూడు నెలలే. మా మొదటి డిసెంబర్ 2010. బ్రిటన్‌లో వందేళ్లలో అంత చల్లటి డిసెంబర్ లేదన్నారు, మా అదృష్టం అలా ఏడ్చింది. ఒక పొద్దున్న లేచేసరికి ఇల్లు మంచుగడ్డ. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ నుంచి బయటికి నీళ్లు పోయే సన్నటి ప్లాస్టిక్ గొట్టం గడ్డకట్టి బాయిలర్ ఆగిపోయింది. మాకది తెలీదు. కోట్లు వేసుకుని వంటింట్లో నిలబడి ఉంటే పక్కింటి పెద్దాయన కెటిల్‌లో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి గొట్టం మీద పోసి, బాయిలర్ బటన్ నొక్కి వెళ్లిపోయాడు. మరుగుతున్న నీళ్లు పోయకూడదు, గొట్టం పగులుతుంది. అంత మంచు ఆ తర్వాత మళ్లీ అరుదుగానే చూశాను. మంచు పడితే స్కూలు పొద్దున్నే మెసేజ్ పెట్టి మూసేస్తుంది. వీధి చివర పసుపుపచ్చ పెట్టెలో ఉప్పు ఉంటుంది, గడప ముందు నేల జారుతుంటే చల్లాలి.

మంచు కంటే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది చెమ్మ. మా మొదటి ఇల్లు బ్యాక్ టు బ్యాక్. లీడ్స్‌లో ఇవి వేలల్లో ఉన్నాయి. మూడు వైపులా పక్కవాళ్ల గోడలే, తలుపూ కిటికీలూ ఒకే వైపు. కార్మికుల కోసం కట్టిన ఇళ్లు, 1930ల దాకా కడుతూనే ఉన్నారు. అద్దె తక్కువ, కానీ గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపుకి పోయే దారే లేదు. మనం కుక్కర్ పెడతాం, ఇడ్లీ ఆవిరి పెడతాం, బట్టలు రేడియేటర్ మీద ఆరేస్తాం. ఆ తడి గాలంతా చల్లటి గోడకి తగిలి నీరవుతుంది, నెల తిరిగేసరికి నల్లటి బూజు. ఆ గోడకి ఆనించి పెట్టిన 20 కిలోల సోనామసూరి బస్తా అడుగున పచ్చగా బూజు పట్టింది. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటు వచ్చి చూసి "మీ వంటల వల్లే" అన్నాడు. కోపమొచ్చింది, కానీ సగం నిజమే. మిగతా సగం పనిచేయని వంటింటి ఫ్యాను, అది వాళ్లు బాగుచేయించాలి. ఆ మాట నోటితో కాకుండా ఈమెయిల్‌లో, ఫోటోలతో చెప్పడం తర్వాత నేర్చుకున్నాను.

ఏం చేయాలంటే: వండేటప్పుడు వంటింటి తలుపు మూసి ఫ్యాను వేయండి, గిన్నెల మీద మూతలు ఉంచండి. ఎంత చలిగా ఉన్నా పొద్దున్న పది నిమిషాలు కిటికీలు తీయండి. బీరువాలూ మంచాలూ బయటి గోడకి జానెడు దూరంగా జరపండి. హీటింగ్ రోజుకి రెండుసార్లు భగ్గున పెట్టి ఆర్పేసే బదులు 18, 19 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచండి. బట్టలు ఆరేయడానికి, గాలిలో తడి లాగేసే డీహ్యూమిడిఫయర్ ఒకటి కొనుక్కోండి. మేం మూడేళ్లు పిసినారితనం చేసి కొనలేదు, ఆ మూడేళ్లూ చిన్నవాడు దగ్గుతూనే ఉన్నాడు. ఇంకో మాట. ఎండుమిరపకాయల పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది. మోగినప్పుడల్లా తువ్వాలు ఊపుతూ దాని కింద గంతులేయడం ఇక్కడ ప్రతి తెలుగింటి నాట్యమే. అంతే తప్ప దాని బ్యాటరీ తీసేయకండి.

ఇక చీకటి. నా మొదటి జనవరిలో ఒక రోజు పాపకి అన్నం పెట్టి, గిన్నెలు కడిగి, స్టవ్ తుడిచి, కర్టెన్లు వేసి లైట్ ఆర్పబోతూ గడియారం చూశాను. ఐదున్నర. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. మావారు ఇంకా ఆఫీసులోనే ఉన్నారు. ఆ నెలలో నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు, ఊరికే నిద్ర, ఊరికే ఏడుపు. డాక్టర్ దగ్గరికి వెళ్తే రెండు మాటలు చెప్పింది. మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్య రోజూ అరగంట బయట నడవాలి, మబ్బుగా ఉన్నా సరే. విటమిన్ డి మాత్ర వేసుకోవాలి. అక్టోబర్ నుంచి మార్చి మొదటిదాకా ఈ దేశపు ఎండలో ఒంటికి కావాల్సిన డి తయారవదు, అందుకని అందరినీ ఆ నెలల్లో రోజుకి 10 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. మనలాంటి చామనఛాయ వాళ్లని ఏడాదంతా వేసుకోమంటారు. ఐదేళ్ల లోపు పిల్లలకైతే ఏడాది పొడుగునా ఇవ్వాలి. అంటే ఒంటికి మాత్ర, మనసుకి నడక. పిల్లాణ్ని తోపుడు బండిలో కూర్చోబెట్టి రౌండ్‌హే పార్కులో చెరువు చుట్టూ తిరగడం నేను అలాగే మొదలుపెట్టాను, నా మొదటి ఇంగ్లీషు స్నేహితురాలు అక్కడే దొరికింది. గొడుగు కొనకండి, ఇక్కడి గాలికి వారం ఆగదు. తల మీదికి టోపీ వచ్చే వానకోటు కొనండి.

జనవరి, ఫిబ్రవరుల్లో "తిరిగి వెళ్లిపోదాం" అన్న మాట ఇంట్లో వస్తుంది. రానివ్వండి. టికెట్లు మాత్రం ఏప్రిల్ దాకా బుక్ చేయకండి.

పిల్లలకి మొదటి చలికాలం ముక్కు కారుతూనే ఉంటుంది, కంగారు పడకండి. వాంతులో విరేచనాలో అయితే ఆగిన తర్వాత 48 గంటలు స్కూలుకి పంపకూడదు. ఫ్లూ టీకా ఆ కాలంలో స్కూల్లోనే ముక్కులో స్ప్రేగా వేస్తారు. అందులో పంది జెలటిన్ ఉంటుంది, మీకు అభ్యంతరమైతే సూది మందు అడగవచ్చు. దిగిన వారంలోనే డాక్టర్ దగ్గర అందరి పేర్లూ నమోదు చేయించండి, పిల్లల టీకాల కార్డు చేతి సంచిలో ఉంచుకోండి. రాత్రిపూట సందేహం వస్తే 111కి ఫోన్ చేయండి.

డిసెంబర్‌లో స్కూలు నుంచి రోజుకో ఈమెయిల్. రేపు క్రిస్మస్ స్వెట్టర్, ఎల్లుండి పార్టీకి బిస్కెట్లు, ఆపై నాటకం. ఏసు పుట్టుక నాటకంలో మా పాప వంటింటి తువ్వాలు తలకి చుట్టుకుని గొర్రెల కాపరి వేషం వేసింది, డైలాగ్ లేదు, అయినా మేం వీడియో తీసి తెనాలి మొత్తానికి పంపాం. డిసెంబర్ 25న రైళ్లు నడవవు, బస్సులూ ఉండవనే అనుకోండి, పెద్ద దుకాణాలు చట్టప్రకారం మూసేస్తారు. పాలు, పెరుగు ముందురోజే తెచ్చుకోండి. భోగికి రేగుపళ్లు దొరకవు, చాక్లెట్లూ చిల్లరా బంతిపూల రేకులూ కలిపి పోస్తాం.

ఫిబ్రవరిలో ఒక మంచి సంగతి ఉంది, చాలామంది మనవాళ్లకి తెలీదు. రూబార్బ్. కాడలు తినే పుల్లటి మొక్క ఇది. వేక్‌ఫీల్డ్, మార్లీ, రాథ్‌వెల్ మధ్య నేలని రూబార్బ్ ట్రయాంగిల్ అంటారు, మన లీడ్స్ పక్కనే. మొక్కల్ని రెండేళ్లు పొలంలో పెంచి, మంచు దెబ్బ తగిలాక చీకటి షెడ్లలోకి మారుస్తారు. లోపల వెచ్చగా, చిమ్మచీకటిగా ఉంటుంది. కాడలు గులాబీ రంగులో వేగంగా పొడుగవుతాయి, కొవ్వొత్తి వెలుగులో పీకుతారు. ఇంగ్లీషు వాళ్లు చక్కెర వేసి పై చేసుకుంటారు. నాకు ఆ పులుపు నోట్లో పడగానే పప్పు గుర్తొచ్చింది. కందిపప్పు మెత్తగా ఉడికాక, పచ్చిమిర్చితో పాటు రూబార్బ్ ముక్కలు వేసి ఐదు నిమిషాలు ఉంచితే కరిగిపోతుంది. చింతపండు అక్కర్లేదు, వెల్లుల్లి పోపు చాలు. ఏప్రిల్ నుంచి ఆరుబయట కాసే కాడలు ఇంకా పుల్లగా ఉంటాయి, వాటితో పచ్చడి గోంగూరకి దగ్గరి చుట్టంలా ఉంటుంది. గోంగూరే అని మాత్రం నేను అబద్ధమాడను. కాడలే వాడండి, ఆకులు విషం. కర్క్‌గేట్ మార్కెట్‌లో అడిగి చూడండి.

మార్చిలో మనుషుల మొహాలు మారతాయి. రోడ్ల పక్కన డాఫొడిల్స్ పసుపుపచ్చగా లేస్తాయి. మొదటి గురువారం వరల్డ్ బుక్ డే, పిల్లలు కథల్లోని పాత్రల వేషాల్లో స్కూలుకెళ్లాలి. ముందు రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తుంది, ఎవరింట్లోనైనా అంతే. మావాణ్ని ఒక ఏడు పంచె, తలపాగాతో తెనాలి రామకృష్ణుడిగా పంపాం. టీచరు ఏ పుస్తకం అని అడిగితే వాడు కాళికాదేవి రెండు గిన్నెల కథ క్లాసంతటికీ చెప్పి వచ్చాడట. ఆఖరి ఆదివారం గడియారాలు ముందుకి జరుగుతాయి, ఇండియా మళ్లీ గంట దగ్గరవుతుంది. ఉగాదికి వేపపువ్వు ఇంటి దగ్గర ఎండబెట్టి తెచ్చుకోండి. తిథులకి ఇండియా క్యాలెండర్ చూడకండి, ఇక్కడి సూర్యోదయం వేరు కాబట్టి కొన్ని పండుగలు ఒకరోజు ముందు వస్తాయి.

ఏప్రిల్, మే నెలలు ఈ దేశంలో నాకు అన్నిటికంటే ఇష్టం. ఇల్‌క్లీ దగ్గర మిడిల్‌టన్ వుడ్స్‌లో ఏప్రిల్ చివర బ్లూబెల్స్ పూస్తాయి, చెట్ల కింద నేలంతా నీలం. దారి తప్పి పూల మీద నడవనివ్వకండి, నలిగితే మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది. ఇండియా మామిడి పెట్టెలు అప్పుడే దుకాణాలకి వస్తాయి, వెల చూడకుండా ఒక్క పెట్టె కొనండి. టమాటా, మిరప మొక్కలు మార్చిలో కిటికీ దగ్గర మొలకెత్తించి, మే నెల సగం దాటాకే బయట పెట్టండి, అంతకు ముందు పెడితే మంచు మాడ్చేస్తుంది. గోంగూర గాజు ఇల్లు ఉంటే తప్ప ఎదగదు. మెంతికూర, కొత్తిమీర, పాలకూర మాత్రం మన దగ్గర కంటే బాగా వస్తాయి.

జూన్‌కి ముందే పిల్లల గదికి వెలుతురు రానివ్వని నల్ల కర్టెన్లు వేయండి. జూలై మూడో వారం, నాలుగో వారం మధ్య స్కూళ్లు మూసేస్తారు, ఆరు వారాలు. ఇద్దరూ ఉద్యోగం చేస్తే ఆ ఆరు వారాలే అసలు పరీక్ష. హాలిడే క్లబ్బులు ఖరీదు, మంచివి మేలోనే నిండిపోతాయి. మీరు అత్తయ్యగారి గురించి అడిగారు కదా. ఏప్రిల్ మధ్యలో రమ్మనండి, సెప్టెంబర్ చివర పంపండి. విజిటర్ వీసా ఆరు నెలలు, సరిగ్గా సరిపోతుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ నవంబర్‌లో పిలవకండి. ఒకసారి మా అమ్మని అలా పిలిచి, రెండు నెలలు ఆవిణ్ని రేడియేటర్ పక్కన కూర్చోబెట్టాను, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆరోగ్య బీమా తప్పకుండా తీసుకోండి. విజిటర్లకి ఎమర్జెన్సీ విభాగంలో చూడటం ఉచితమే కానీ, ఆసుపత్రిలో చేరిస్తే మామూలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు.

యార్క్‌షైర్‌లో ఎవరు ఎవరినైనా "లవ్" అంటారు, అది మన "అమ్మా" లాంటి పిలుపు. మా అత్తగారు పాస్ చూపిస్తే బస్సు డ్రైవర్ "థాంక్యూ లవ్" అన్నాడు. ఆవిడ సీట్లో కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "మీ మామగారు నలభై ఏళ్లలో ఒక్కసారి అనలేదు" అన్నారు. ఈ విషయం మీ అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి.

ఎండలు పెద్దగా ఉండవు. కాకపోతే ఇళ్లు వేడిని బయటికి పోనివ్వకుండా కట్టినవి, సీలింగ్ ఫ్యాన్లు ఉండవు. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లో 40.3 డిగ్రీలు నమోదైన రోజు గుంటూరు మే నెల చూసిన నేను కూడా బాత్‌టబ్‌లో కూర్చున్నాను. ఒక టేబుల్ ఫ్యాను శీతాకాలంలోనే కొనిపెట్టుకోండి, వేడి మొదలయ్యాక దుకాణాల్లో ఒక్కటీ మిగలదు. ఫైలీ, విట్‌బీ సముద్ర తీరాలకి వెళ్లండి, నీళ్లు మాత్రం ఆగస్టులో కూడా ఒళ్లు జివ్వుమనిపిస్తాయి.

ఆఖరుగా సూట్‌కేసులు. చలికోట్లు తేకండి, వాడిన బట్టలమ్మే ఇక్కడి చారిటీ షాపుల్లో మంచివి దొరుకుతాయి. నెయ్యి, పాలకోవా, చికెన్, మటన్ పచ్చళ్లు తేకూడదు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పారేస్తారు. ఆవకాయ, కారప్పొడులు నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. ప్రెషర్ కుక్కర్, దానికి రెండు అదనపు గాస్కెట్లు, ఇడ్లీ పాత్ర తెచ్చుకోండి. మిక్సీ కూడా తేవచ్చు, కరెంటు వోల్టేజీ మనకి సరిపోతుంది, ప్లగ్గు మాత్రం మార్చాలి. ఇంకొకటి, నవ్వకండి: పేల దువ్వెన. ఇక్కడి స్కూళ్లలో పేలు పెద్ద విషయం కాదు, పిల్లల్ని ఇంటికి పంపరు, "క్లాసులో ఒకరికి పేలు కనిపించాయి, మీ పిల్లల తల చూసుకోండి" అని టర్మ్‌కి ఒక మెసేజ్ వస్తుంది. నేను మా అమ్మ ఇచ్చిన చెక్క దువ్వెనే పదిహేనేళ్లుగా వాడుతున్నాను, మా వీధిలో ముగ్గురు ఇంగ్లీషు తల్లులు అరువు కూడా తీసుకున్నారు. రెండు తెచ్చుకోండి.